వర్టస్ జీటీ, స్లావియా 1.5: స్పోర్ట్ సెడాన్‌ను కొని, కాపాడుకుని, మెరుగుపరచుకునే పద్ధతి

మన దేశంలో స్పోర్ట్ సెడాన్ అంటే చాలాకాలం స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ పేరే ముందు వినిపించేది. అదైనా అందరికీ అందేది కాదు. 2020లో ఆర్‌ఎస్ 245 రెండు వందల కార్లే వచ్చాయి, 2025లో తిరిగి వచ్చిన ఆర్‌ఎస్ వందే. 2022లో పుణె దగ్గరి చాకన్ కర్మాగారం నుంచి స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ బయటికి వచ్చాక మధ్యతరగతి అభిమానికి నిజమైన అవకాశం దొరికింది. వీటిలో పెద్ద ఇంజిన్ రకాలైన వర్టస్ జీటీ, స్లావియా 1.5 రెండింటికీ ఎంక్యూబీ ఏ0 ఇన్ అనే ఒకే ప్లాట్‌ఫామ్ (అడుగు నిర్మాణం), 150 పీఎస్ శక్తినీ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌నూ (తిప్పే బలాన్నీ) ఇచ్చే ఒకే 1498 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉన్నాయి కాబట్టి, ఒకదాని గురించి చెప్పిన సలహా దాదాపు అంతా రెండోదానికీ వర్తిస్తుంది.

ఈ కార్లలో అన్నిటికంటే తక్కువ సవరణ అవసరమైనది ఇంజినే. దాని జోరును నేలమీదికి చేర్చాల్సిన టైర్లు, ఆపాల్సిన బ్రేకులు, అదుపులో ఉంచాల్సిన సస్పెన్షన్ మాత్రం కుటుంబ ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని, ధర చూసుకుని అమర్చినవి. అయినా కొత్త యజమానుల్లో ఎక్కువమంది మొదటి నెలలోనే అడిగేది ఈసీయూ రీమ్యాప్ గురించే, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చి శక్తి పెంచడం గురించే. ఈ మార్గదర్శి ఆ వరుసను తిరగేసి, నేల దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ దగ్గరికి చివర్లో వెళుతుంది.

మొదటి అడుగు: గేర్‌బాక్స్ ఎంపిక

తర్వాత చేయబోయే మార్పులన్నిటినీ శాసించే నిర్ణయం షోరూమ్‌లోనే జరిగిపోతుంది. ఆటోమేటిక్‌లో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ, అంటే ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చేది. ఆ గేర్‌బాక్స్‌ను రూపొందించినదే 250 న్యూటన్ మీటర్ల పరిమితికి, ఇంజిన్ మొదటి రోజునుంచే ఇస్తున్నదీ సరిగ్గా అంతే. అంటే దానిలో మిగులు అంటూ ఏమీ లేదు. ముందుముందు టార్క్ పెంచాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవారు ఆరు గేర్ల మాన్యువల్ తీసుకోవడం మంచిది. రోజూ అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి ఆఫీసు వేళల్లో తిరిగేవారు డీఎస్‌జీనే కోరుకుంటారు, అందులో తప్పేమీ లేదు. అయితే ట్రాఫిక్‌లో బ్రేకును సగం నొక్కి కారును పాకించే అలవాటు మానుకోవాలి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు క్లచ్ విడిపోతుంది, సగం నొక్కినప్పుడు రాపిడితో వేడెక్కుతూనే ఉంటుంది. ముందున్న బండికి నాలుగైదు అడుగుల ఖాళీ ఏర్పడేదాకా ఆగి, ఒక్కసారిగా కదిలి, మళ్లీ పూర్తిగా ఆగడమే పొడి క్లచ్‌కు ఆయుష్షు.

పాత కారు కొంటున్నట్లయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక మరోసారి నడిపి చూడాలి. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు కారు సన్నగా వణికితే క్లచ్ ఖర్చు దగ్గరలోనే ఉందని అర్థం. నాలుగు టైర్ల పక్కగోడల మీద అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెలు చదవాలి. 2324 అని ఉంటే అది 2024లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. బంపర్ కింది అంచు, ఇంజిన్ కింది కవచం గీసుకుపోయి ఉంటే గతంలో కారును కిందికి దించారేమోనని అడగాలి. ఈసీయూను రీమ్యాప్ చేసి, అమ్మేముందు పాత ఫైల్ తిరిగి ఎక్కించిన కార్లూ సంతలో ఉంటాయి. అధీకృత సర్వీస్ కేంద్రంలో స్కాన్ చేయించినప్పుడు అలాంటి కారుకు సాఫ్ట్‌వేర్ మార్చారని తెలిపే టీడీ1 అనే గుర్తు పడి ఉంటే, ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి.

రెండో అడుగు: ఏదీ మార్చకముందు కారును సరిచేయడం

కంపెనీ చెప్పే సర్వీస్ గడువు 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది. వేడి వాతావరణంలో, చిన్న చిన్న దూరాలకు, గట్టిగా నడిపే కారుకు మధ్యలో ఒకసారి, అంటే 7,500 దగ్గర, ఇంజిన్ ఆయిల్ మార్చడం దండగ ఖర్చు కాదు. డబ్బా మీద చిక్కదనం అంకె ఒక్కటే చూసి కొనకుండా, యజమాని పుస్తకంలో రాసిన ఫోక్స్‌వ్యాగన్ ప్రమాణ సంఖ్య దాని మీద ఉందో లేదో చూసుకోవాలి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం వద్ద ఎక్కువ భారం పడితే, స్పార్క్ ప్లగ్ మండించకముందే మిశ్రమం దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. ఆయిల్‌లోని రసాయనాలకు ఇందులో పాత్ర ఉంటుంది, నడిపేవాడి పాదానికి కూడా ఉంటుంది. మాన్యువల్ కారులో ఆరో గేరులో 1,400 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కే బదులు రెండు గేర్లు దించడం మంచిదనేది ఇందుకే.

ఈ దశలోనే కారు కంప్యూటర్‌లోని అంకెలను చదివే ఒక ఓబీడీ పరికరం కొని, అసలు కారు ఎలా ఉందో నమోదు చేసి పెట్టుకోవాలి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, నాక్ (మిశ్రమం అదుపు తప్పి మండి కొట్టుకునే చప్పుడు) వచ్చినప్పుడు ఇగ్నిషన్‌ను ఈసీయూ ఎంత వెనక్కి జరుపుతున్నదీ, టర్బో ఒత్తిడి: ఈ మూడింటిని మే నెల మధ్యాహ్నం ఒకసారి, డిసెంబరు తెల్లవారుజామున ఒకసారి రాసుకుంటే, రేపు కనిపించే తేడా చేసిన మార్పు ఫలితమో కాదో తేల్చడానికి అదే ఆధారం. ఈ లెక్క లేని యజమాని కొత్త ఎయిర్ ఫిల్టర్ పెట్టగానే కారు దూసుకుపోతోందని నమ్ముతాడు.

మూడో అడుగు: చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరించిన చట్టంలోని 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలపాటు లైసెన్స్ అనర్హత ఉన్నాయి. మన నగరాల్లో పోలీసులు సైలెన్సర్లను వరుసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించే దృశ్యాలు ప్రధానంగా బైకులవే అయినా, కార్ల పొగగొట్టాలను కూడా వాళ్లు వింటూనే ఉంటారు.

ఆచరణలో టైరు రకం, బ్రేక్ ప్యాడ్, బ్రేక్ ఫ్లూయిడ్, షాక్ అబ్సార్బర్ వంటి అరిగిపోయే భాగాలను అదే కొలతలో మెరుగైన వాటితో మార్చడంలో చిక్కు ఉండదు. రంగు మార్పును ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. అద్దాలు ముందు వెనుక కనీసం 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. విలువ పెంచే ఏ మార్పునైనా బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, అవసరమైతే అదనపు ప్రీమియం కట్టి, పాలసీ పత్రం మీదికి ఎక్కించుకోవాలి. నోటిమాటగా ఏజెంటుకు చెప్పామన్నది క్లెయిమ్ రోజున పనికిరాదు.

నాలుగో అడుగు: టైర్లు, చక్రాలు

ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. కంపెనీ కొలత 205/55 ఆర్16. ఆ అంకెలను కాగితం మీద పెట్టి చూడాలి: 205 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం, అంటే 112.75, పక్కగోడ ఎత్తు. అలాంటివి పైనా కిందా రెండు, మధ్యలో 16 అంగుళాల రిమ్ కలిపితే మొత్తం వ్యాసం 631.9 మిల్లీమీటర్లు. అందరూ అడిగే 225/45 ఆర్17కు ఇదే లెక్క వేస్తే 634.3 వస్తుంది. తేడా అర శాతం కూడా లేదు కాబట్టి స్పీడోమీటరుకు, ఏబీఎస్‌కు ఇబ్బంది లేదు. 215/50 ఆర్17 అయితే 646.8, అంటే రెండున్నర శాతం దగ్గర పెరుగుతుంది, అది వద్దు.

లెక్క కుదిరినంత మాత్రాన 17 అంగుళాలకు వెళ్లాలని కాదు. పక్కగోడ 112 నుంచి 101 మిల్లీమీటర్లకు తగ్గడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, వానాకాలం ముగిశాక మన జిల్లా రోడ్ల మీద ఆ పదకొండు మిల్లీమీటర్లే రిమ్‌ను కాపాడేవి. నా అభిప్రాయంలో 16 అంగుళాల రిమ్‌నే ఉంచి, మిగిలిన డబ్బుతో తడి రోడ్డు మీద మంచి పట్టు ఉన్న మెరుగైన టైరు కొనడం తెలివైన పని. చట్టం వైపునుంచి కూడా అదే నిశ్చింత. టైరు మోయగల బరువును తెలిపే లోడ్ ఇండెక్స్ కంపెనీ టైరు కన్నా తక్కువ ఉండకూడదు.

ఏ కారణంచేతైనా అల్లాయ్‌లు మార్చేవారు నాలుగు విషయాలు చూసుకోవాలి. బోల్టుల అమరిక ఐదు, వంద మిల్లీమీటర్ల వృత్తం. నడిమి రంధ్రం 57.1 మిల్లీమీటర్లు, బయటి అల్లాయ్‌కు అది పెద్దదిగా ఉంటే మధ్యలో రింగు వేయించాలి, లేకపోతే వంద దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. మూడోది చక్రం బరువు: అందంగా కనిపించే చవక అల్లాయ్ కంపెనీదానికన్నా బరువైనదైతే సస్పెన్షన్‌కు నష్టమే మిగులుతుంది. నాలుగోది బోల్టు తల. ఈ కార్లకు నట్లు ఉండవు, నేరుగా హబ్‌లోకి దిగే ఎం14 బోల్టులు ఉంటాయి, వాటి కింది భాగం గోళాకారంగా ఉంటుంది. బయటి అల్లాయ్‌లు ఎక్కువగా శంకువు ఆకారపు బోల్టుకు చేసినవి. గోళాన్ని శంకువులో బిగిస్తే పైకి బిగుతుగానే ఉన్నట్టుంటుంది గానీ, అంచు మీద సన్నని గీత మేర మాత్రమే ఆనుతుంది, నడుస్తూ నడుస్తూ వదులవుతుంది. కొత్త బోల్టులు కొన్నాక పాత వాటిని పారేయకూడదు. స్టెప్నీకి అవే కావాలి, డిక్కీలో స్టెప్నీ పక్కనే ఐదింటిని సంచిలో కట్టి ఉంచాలి. బిగింపు 120 న్యూటన్ మీటర్లు. పంక్చర్ షాపులో గాలి తుపాకీతో బిగించి వదిలేస్తే, ఇంటికి వచ్చి వదులు చేసి టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించుకోవాలి.

ఐదో అడుగు: బ్రేకులు

ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. వెనుక డిస్కులు లేవని యజమానులు చేసే ఫిర్యాదు వినడానికి బాగుంటుంది గానీ, గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి పనిలో అధికభాగం ముందు డిస్కులదే. ఫ్లూయిడ్, ముందు ప్యాడ్లు మార్చడంతో చాలావరకు సమస్య తీరుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది: కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1కు ఇవే అంకెలు 260, 180. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో వరుస మలుపుల్లో దిగుతున్నప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి పోతోందంటే ఫ్లూయిడ్ మరుగుతోందని అనుమానించాలి. రెండేళ్లకోసారి తప్పనిసరిగా మార్చాలి, మూత తీసి నెలలు గడిచిన డబ్బాలోది పోయకూడదు. డాట్ 5 అన్నది 5.1కు దగ్గరి చుట్టంలా కనిపించినా సిలికాన్‌తో చేసినది, ఈ కార్లకు పనికిరాదు.

ప్యాడ్లలో రేసు రకం వద్దు. అవి వేడెక్కితే తప్ప పట్టవు, తెల్లవారి పాలప్యాకెట్ కోసం వెళ్లేటప్పుడు చల్లగానే ఉంటాయి.

ఆరో అడుగు: సస్పెన్షన్

కారును కిందికి దించాలన్న కోరిక అభిమానులందరిదీ. ప్రకటనల్లోని 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ కారుది, పూర్తి బరువుతో అది 145. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా ఉండాలి. అలా కట్టినదాన్ని 30 మిల్లీమీటర్లు దించిన కారు కూడా దాటేస్తుంది. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన బ్రేకర్‌కు ఏ మార్గదర్శకమూ తెలియదు. 2651 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్న ఈ సెడాన్‌కు ఐదుగురు ఎక్కి ఉండగా నడుము భాగం అక్కడే తగులుతుంది.

తగలడం కన్నా లోతైన కారణం ఒకటి ఉంది. ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం, అంటే స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసి ఒకే కాడగా ఉండేది. అందులో కారును దించినప్పుడు గురుత్వ కేంద్రం కొంత దిగుతుంది, కానీ మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ రోల్ సెంటర్ అంతకన్నా వేగంగా దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, అదే స్ప్రింగ్ గట్టిదనానికి కారు ఇంకా ఎక్కువ వాలాలని చూస్తుంది. పొట్టి స్ప్రింగులు గట్టిగా ఉండటంవల్ల ఆ నష్టం పైకి కనపడదు, కానీ పాత షాక్ అబ్సార్బర్లు ఆ గట్టి స్ప్రింగును అదుపు చేయలేక ఎగుడుదిగుళ్ల మీద కారును కుప్పిగంతులు వేయిస్తాయి. అందుచేత మొదట నాణ్యమైన షాక్ అబ్సార్బర్లు కంపెనీ ఎత్తులోనే వేయించి, ఒక వానాకాలం నడిపి, ఇంకా కావాలనిపిస్తే పదిహేను, ఇరవై మిల్లీమీటర్లకు మించకుండా దించే స్ప్రింగుల గురించి ఆలోచించాలి. చాలామంది మొదటి మెట్టు దగ్గరే తృప్తిపడతారు.

ఏ భాగం విప్పినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు. ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సర్దవచ్చు. వెనుక రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం, ట్విస్ట్ బీమ్, కాబట్టి అక్కడ సర్దడానికి మామూలుగా వీలు లేదు. తెర మీద వెనుక అంకె ఎర్రగా కనిపిస్తే బీమ్ వంగిందా అని చూడాలి తప్ప, ‘అడ్జస్ట్ చేశాం సార్’ అన్న మాటకు డబ్బు కట్టకూడదు. ఇంజిన్ బేలో రెండు స్ట్రట్‌ల పైభాగాలను కలుపుతూ మెరిసే స్ట్రట్ బార్ ఈ బాడీలకు ఫొటోల్లో తప్ప పెద్దగా ఉపయోగపడదు.

ఏడో అడుగు: గాలి, పొగ

కంపెనీ ఎయిర్ బాక్స్ బయటి చల్లగాలిని పీలుస్తుంది. దాన్ని తీసేసి బోనెట్ కింద తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్ ఇంజిన్ వేడినే తిరిగి పీలుస్తుంది, శబ్దం పెరుగుతుంది, శక్తి తగ్గినా ఆశ్చర్యం లేదు. అదే బాక్సులో పట్టే మెరుగైన ఫిల్టర్ చాలు. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేసిన డౌన్‌పైప్ (టర్బో నుంచి వచ్చే పొగగొట్టం) చట్టవిరుద్ధం, పొల్యూషన్ పరీక్షలో నిలవదు. ఆ విషయంలో చర్చకు తావు లేదు.

ఎనిమిదో అడుగు: ఈసీయూ రీమ్యాప్

వారంటీ అయిపోయాక, పైవన్నీ పూర్తయ్యాక ఇక్కడికి రావాలి. 300 న్యూటన్ మీటర్లు దాటిస్తామన్న మాట వినగానే డీఎస్‌జీ యజమాని గుర్తుచేసుకోవలసింది 250 అన్న ఆ పరిమితినే. అయితే పరిమితిని గౌరవిస్తూనే శక్తి పెంచే దారి ఉంది. శక్తి అంటే టార్క్‌ను ఇంజిన్ వేగంతో గుణిస్తే వచ్చేది. కంపెనీ ట్యూన్‌లో 250 న్యూటన్ మీటర్లు 1,600 నుంచి 3,500 ఆర్‌పీఎం దాకానే నిలిచి, ఆపైన తగ్గుతూ 5,000 దగ్గర సుమారు 210కి వస్తాయి. అక్కడే 150 పీఎస్. అదే 250ని 5,000 దాకా పట్టి నిలపగలిగితే లెక్క ప్రకారం 178 పీఎస్ అవుతుంది, గేర్‌బాక్స్ మీద గరిష్ఠ టార్క్ ఒక్క న్యూటన్ మీటరు కూడా పెరగదు. ట్యూనర్‌ను అడగవలసింది ఇలాంటి ఫైల్. కింది వేగాల్లో సీటుకు అతుక్కుపోయేలా తోసే ఫైల్ పరీక్ష డ్రైవ్‌లో అబ్బురపరుస్తుంది, క్లచ్‌ను తినేది కూడా అదే. ఆ కింది తోపుకే, రెండో అడుగులో చెప్పిన ముందస్తు మంట ప్రమాదం కూడా ఎక్కువ.

కారు శక్తిని కొలిచే డైనో యంత్రం మీద మార్పుకు ముందు, తర్వాత రెండు వక్రరేఖలూ ఒకే రోజున, ఒకే యంత్రం మీద తీసినవి కావాలని పట్టుబట్టాలి. పెట్రోలు విషయంలోనూ ముందే మాట్లాడుకోవాలి. ఎక్స్‌పీ100 వంటి వంద ఆక్టేన్ పెట్రోలు మీద రాసిన మ్యాప్‌తో నల్లమల దారిలోని బంకులో 20 శాతం ఇథనాల్ కలిసిన మామూలు ఈ20 పెట్రోలు పోయిస్తే, ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగి ఇంజిన్‌ను కాపాడుతుంది, కట్టిన డబ్బుకు వచ్చిన శక్తి అంతటితో ఆవిరి. నిత్యం దొరికే ఇంధనం మీదే మ్యాప్ రాయించి, మే నెలలో మళ్లీ లాగ్ తీసి, రెండో అడుగులో రాసుకున్న అంకెల పక్కన పెట్టి చూడాలి. ఇగ్నిషన్ వెనక్కి జరగడం అసలు కారుకన్నా బాగా పెరిగి కనిపిస్తే ఫైల్‌ను మెత్తబరచమని వెనక్కి పంపాలి.

తొమ్మిదో అడుగు: ట్రాక్

ఇంత చేసిన కారును పరీక్షించే చోటు ఔటర్ రింగ్ రోడ్డు కాదు. మనకు అందుబాటులో ఉన్నవి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు దగ్గరి 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే. నెల్లూరు, తిరుపతి వాళ్లకు మొదటిది ఉదయం బయలుదేరి చేరుకునే దూరమే. అభిమానులకు ట్రాక్ డేలు జరిగినప్పుడు పేరు నమోదు చేయించుకోవాలి. మామూలు కారు పాలసీ రేసింగ్‌కు, వేగపరీక్షలకు వర్తించదని పాలసీ పత్రంలోనే రాసి ఉంటుంది కనుక, అక్కడ జరిగే నష్టం యజమాని జేబుదే.

వెళ్లేముందు కొత్త ఫ్లూయిడ్, సగానికి పైగా మందం ఉన్న ప్యాడ్లు, టార్క్ రెంచ్‌తో సరిచూసిన బోల్టులు ఉండాలి. డిక్కీలో స్టెప్నీతో సహా కదిలే వస్తువులన్నీ తీసేయాలి. నాలుగైదు ల్యాప్‌లకోసారి బయటికి వచ్చి టైరు గాలి వేడిమీద చూసి, పెరిగినంత తగ్గించాలి. ఇంటికి బయలుదేరేముందు చల్లబడ్డాక మళ్లీ మామూలు ఒత్తిడికి నింపడం మరవకూడదు. ప్రతి విడతలో చివరి ల్యాప్‌ను బ్రేకు దాదాపు తాకకుండా నిదానంగా తిప్పాలి. పిట్‌లో ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులోనో, పార్క్‌లోనో పెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాలి. కాగిన డ్రమ్ము మీద లైనింగ్‌ను బిగించి వదిలితే డ్రమ్ము ఆకారం చెడి, తిరుగు ప్రయాణంలో ప్రతిసారి పెడల్ కింద అదురు వస్తుంది. తిరుగు దారిలో యాభై కిలోమీటర్లు నడిచాక ఒక బంకు దగ్గర ఆగి, చక్రాలు చల్లబడ్డాక బోల్టులను మరోసారి 120కి సరిచూసుకోవాలి.